తీర్మానము ఒకరిది, శ్రమ మరియొకరిది

జనవరి నెల వచ్చినతోడనే మన విద్యావంతుల గృహములలో ఒక వింత వ్రతము జరుగుచున్నది. గృహయజమాని క్రొత్త డైరీ తెరచి మొదటి పుటయందు తీర్మానములను వరుసగా వ్రాయును. వేకువ నైదు గంటలకు లేచుట, అరగంట నడచుట, కాఫీలో చక్కెర మానుట, రాత్రి అన్నమునకు బదులు జొన్నరొట్టె తినుట, భారతము పదునెనిమిది పర్వములను ముగించుట, పిల్లలకు దినమున కొక గంట చదువు చెప్పుట, నెలకింత యని ధనము నిలువచేయుట. డైరీ లేనివారు సెల్‌ఫోనులో వ్రాసికొందురు. సంక్రాంతి ముగ్గులు చెరగకమునుపే ఈ పట్టికలో సగము చెరగిపోవును. ఫిబ్రవరి నాటికి ఆ డైరీ పాల లెక్కలకు పనికివచ్చును. దీనిని జూచి నవ్వుట సులభము. ఏటేట నవ్వువారును కలరు. మేము నవ్వుటకై ఈ వ్యాసము వ్రాయుట లేదు. తప్పిపోయిన తీర్మానములవలన లోకమునకు పెద్ద నష్టము లేదు. నెరవేరిన తీర్మానములను గూర్చియే మా అభియోగము.

వేకువ నైదు గంటలకు లేచి నడకకు పోవు గృహస్థును పరికింపుడు. ఆయన ఇల్లు వెడలుసరికి కాఫీ సిద్ధముగా నుండవలయును. అనగా పాలు కాచి డికాక్షను తీసినవారు అంతకు ముందే లేచియుండవలయును. వారి పేరు తీర్మానముల పట్టికలో కానరాదు. ఆయన నడచి వచ్చి, చెమట తుడుచుకొని, వార్తాపత్రిక విప్పు వేళకు వారు పిల్లల టిఫిను డబ్బాలు సర్దుచుందురు. వారికి నడకకు వేళ చిక్కదు.

జొన్నరొట్టె తీర్మానము మరియు ముచ్చటైనది. జొన్నపిండి గోధుమపిండివలె సాగునది కాదు. వేడినీళ్లతో కలిపి మర్దించి, ఒక్కొక్క ముద్దను చేతితో తట్టి, పెనముపై వేసి, పైభాగమున నీరద్ది కాల్చవలయును. చల్లారిన గట్టిపడును గనుక తినువారు కూర్చున్న తరువాతనే కాల్చుట మేలు. తక్కినవారందరును అన్నమే తిందురు. ఇట్లు ఒకరి ఆరోగ్యమునకై ఇంటిలో రాత్రివేళ రెండు వంటలు జరుగవలసివచ్చును. ఆరు నెలలు గడచిన పిమ్మట ఆయన నడుము రెండంగుళములు తగ్గినదని బంధువులు మెచ్చుకొందురు. రొట్టె తట్టిన చేతిని మెచ్చుకొన్న బంధువు అరుదు.

ధనము నిలువచేయు తీర్మానమును ఇట్టిదే. జీతములో నింత తీసి బ్యాంకులో వేయుదునని ఆయన వ్రాసికొనును. హోటలులో స్నేహితులతో చేయు వ్యయము తగ్గదు. వంటింటికిచ్చు పైకము తగ్గును. అప్పుడు పప్పు పలుచనగును. కడపటి వంతువారికి పెరుగు మజ్జిగగా మారును. ఆ కడపటి వంతు ఎవరిదో మన గృహములు తెలిసిన చదువరులకు చెప్పనక్కరలేదు. సంవత్సరాంతమున బ్యాంకు పుస్తకములో మిగులు కనబడును. అది ఎవరి కంచములో నుండి మిగిలినదో ఆ పుస్తకము చెప్పజాలదు.

ఇదంతయు మా ఊహ యని త్రోసివేయువారికొరకు లెక్క చెప్పుచున్నాము. భారత ప్రభుత్వపు జాతీయ గణాంక కార్యాలయము 2019లో దేశమంతటను కాలవినియోగ సర్వే జరిపినది. 6 ఏండ్లును అంతకు మించిన వయస్సును గలవారిలో, ఇంటివారి కొరకు జీతములేని గృహకృత్యములు ఒక దినమున చేసినవారు స్త్రీలలో నూటికి 81 మంది. పురుషులలో నూటికి 26 మంది. అట్లు చేసినవారిలోనైనను స్త్రీ సగటున 299 నిమిషములు, పురుషుడు 97 నిమిషములు వెచ్చించిరి. 299 నిమిషములనగా అయిదు గంటలకు ఒక్క నిమిషము తక్కువ. ఈ అయిదు గంటలు గడచిన పిదప ఉద్యోగమునకు పోవు స్త్రీలును మనలో ననేకులు. అట్టివారి దినముపై మరియొకరి ఆత్మాభివృద్ధిని గూడ మోపుట న్యాయమా యని మేమడుగుచున్నాము. ఇంటిపనిలో సమముగా పాలు పంచుకొను పురుషులు లేకపోలేదు. ఈ మాటలు వారికి తగులవు, వారు నొచ్చుకొననక్కరలేదు.

తీర్మానములను సమర్థించువారి వాదమును మేము దాచదలచుకొనలేదు. అమెరికాలో జాన్ నార్‌క్రాస్ అను మనస్తత్వశాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును 2002లో ఒక పరిశోధనను ప్రకటించిరి. నూతన సంవత్సరమున తీర్మానము చేసికొన్నవారిలో ఆరు నెలల పిమ్మటను దానిని నిలుపుకొన్నామని చెప్పినవారు నూటికి 46 మంది. మారవలెనన్న కోరిక యుండియు తీర్మానము చేసికొననివారిలో అట్లు చెప్పినవారు నూటికి 4గురు మాత్రమే. కాబట్టి తీర్మానములన్నియు నీటిమీది వ్రాతలన్న మాట సరికాదు. ఒక నిశ్చయమునకు బలము కలదు. మేమును ఒప్పుకొంటిమి. ఐనను ఆ పరిశోధకులు అడిగినది తీర్మానము చేసికొన్నవారిని. వారి తీర్మానము నిలుచుటకై ఇంటిలో నెవరు ముందు లేచిరో, ఎవరు ఆలస్యముగా పరుండిరో అది వేరు ప్రశ్న. మా ప్రశ్న అదియే. గెలుపు లెక్కకు వచ్చినప్పుడు దాని వెలయును లెక్కకు రావలదా?

ఈ సందర్భమున మన సంకల్పమును స్మరించుట యుక్తము. పూజకు ముందు చెప్పు సంకల్పమున దేశము, సంవత్సరము, అయనము, ఋతువు, మాసము, పక్షము, తిథి, వారము, కర్త పేరు, గోత్రము వరుసగా వచ్చును. కడపట నిర్దిష్టమైన కర్మము పేరు చెప్పి, 'కరిష్యే' యని ముగింతురు. అనగా సంకల్పము ఈ చోట, ఈ దినమున, ఈ క్షణముననే నేను చేయబూనుచున్న పనికి సంబంధించినది. రాబోవు మూడువందల అరువదియైదు దినములకు ముందుగా వ్రాసియిచ్చు పత్రము కాదు. కర్మము ముగియుటతో సంకల్పమును ముగియును. మన పెద్దలు మనుష్యుని మాట ఎంతకాలము నిలుచునో ఎరిగియే కాబోలు ఇట్లు కట్టడి చేసిరి.

ఆ 'కరిష్యే' యను పదములో మరియొక విశేషము కలదు. కొన్ని ధాతువుల విషయమున, క్రియాఫలము కర్తకే చెందునపుడు ఆత్మనేపదమును, ఇతరులకు చెందునపుడు పరస్మైపదమును వాడవలయునని పాణిని నియమము. కృ ధాతువు అట్టివానిలో నొకటి. సంకల్పము చెప్పువాడు ఫలమును కోరుచున్నాడు గనుక ఆత్మనేపదమున 'కరిష్యే' యనును. వ్యాకరణమున ఇది దోషము కాదు. చేసిన వానికి ఫలము దక్కుట న్యాయమే. మన తీర్మానముల పట్టికలోనే వ్యాకరణము తలక్రిందైనది. అచ్చట ఫలము ఆత్మనేపదము, శ్రమ పరస్మైపదము.

జనవరి 1వ తేది మనది కాదు గనుక ఈ అనర్థమంతయు పరదేశానుకరణమువలన వచ్చినదనియు, ఉగాదినాడు తీర్మానించుకొనిన అంతయు చక్కబడుననియు పలుకువారు కలరు. ఈ వాదము మాకు రుచింపదు. రోములో కాన్సలులు జనవరి 1న పదవి స్వీకరించుట క్రీస్తుకు పూర్వము 153లో మొదలైనది. ఇంగ్లాండు దేశమే ఆ దినమును శాసనబద్ధమైన సంవత్సరాదిగా గైకొన్నది 1752లో. ఏ జాతి సంవత్సరాదియైనను ఒక ఏర్పాటు మాత్రమే. ఉగాదినాడు వ్రాసికొన్నను జొన్నరొట్టె దానంతట అది కాలదు. తేది మార్చిన చాలదు, చేయి మారవలయును.

ఆత్మశిక్షణకు పట్టిక వేసినవారిలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ (1706–1790) ప్రసిద్ధుడు. ఆయన పదుమూడు సుగుణములను ఎన్నుకొని, చిన్న పుస్తకములో గళ్లు గీచి, తప్పిన దినమున నల్లచుక్క పెట్టుచుండెను. ఐనను ఆ బుద్ధిశాలి పదుమూడింటిని ఒక్కసారి పట్టుకొనుటకు యత్నింపలేదు. వారమునకొక గుణమునందు మాత్రమే మనస్సు నిలిపెను. పదుమూడు వారములకు ఒక ఆవృత్తి. సంవత్సరమునకు నాలుగు ఆవృత్తులు. అట్లు చేసియు, వస్తువులను వేళలను క్రమమున నుంచుకొనుట తనకు మిక్కిలి కష్టమైనదని ఆయనయే వ్రాసికొన్నాడు. ఆయన భార్య డెబోరా కరపత్రములను మడచి కుట్టుచు, అంగడి చూచుకొనుచు, కాగితము చేయువారికొరకు పాతగుడ్డలు కొనుచు తనకు తోడ్పడినదనియు ఆ ఆత్మకథయందే యున్నది. ఆమె మేలును ఆయన మరువలేదు. కాని పదుమూడు గుణముల పుస్తకములో ఆమె శ్రమకు ఒక గడి లేదు. ఉత్తముల పట్టికయే ఇట్లున్నచో మనబోటి వారి పట్టికల సంగతి వేరుగ చెప్పవలయునా?

మన దేశమున దీనికి వేరైన నిదర్శనము కలదు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహమును జరిపించిరి. సంఘము వెలివేయగా వంటవారును నీళ్లు మోయువారును ఆ ఇంటికి రాకపోయిరి. ఆయన సతీమణి రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరినుండి నీళ్లు మోసి వంటచేసిరి. ఆ ఉద్యమపు కీర్తి పంతులుగారిదే యని లోకమెంచినను, రాజ్యలక్ష్మమ్మగారి బిందె లేక అది నడిచెడిది కాదు. ఆమె ఆ బరువును ఎత్తుకొన్నది ఎరిగి, తనదిగా భావించి. వితంతు బాలికలకు తల్లియై. మరియొకరి నడుము సన్నబడుటకు కాదు. శ్రమపడువారికి ఆశయములో భాగమున్నప్పుడు శ్రమ సహకారమగును. భాగము లేనప్పుడు అది వెట్టి. తీర్మానము వ్రాయు గృహస్థు తన పట్టికలోని ప్రతి పంక్తిని ఈ ఒరపిడిరాతిపై గీచి చూచుకొనవలయును.

అట్లైన సంవత్సరాదినాడు ఏమి చేయవలయును? పట్టికను విడిచి ఒక్క ధ్యేయవాక్యమును ఎన్నుకొనుడని మా మనవి. మన గణతంత్రము 1950 జనవరి 26న ముండకోపనిషత్తులోని ఒక చిన్న వాక్యమును సింహముద్రికక్రింద నిలుపుకొన్నది. సర్వోన్నత న్యాయస్థానము మహాభారతమునుండి మరియొక వాక్యమును గైకొన్నది. ఆ వాక్యములు ప్రభుత్వము ఇన్ని గంటలకు ఇది చేయవలెనని చెప్పవు. ఏమి చేయునప్పుడైనను ఎటువైపు నిలువవలెనో చెప్పును. అంతకంటె ముఖ్యమైన గుణము మరియొకటి కలదు. ముద్రికమీద వ్రాసిన మాటను వ్రాసినవారే కాక అందరును చదువగలరు. అన్యాయము పొందిన సామాన్యుడు ఆ వాక్యమును వ్రేలితో చూపి, 'మీరు వ్రాసికొన్నదేమి, చేయుచున్నదేమి?' యని నిలదీయవచ్చును. డైరీలోని తీర్మానమునకు యజమానియే సాక్షి, యజమానియే న్యాయాధిపతి. ధ్యేయవాక్యమునకు ఇల్లంతయు సాక్షి.

తీర్మానము పగిలిన కుండవంటిది. ఒకనాడు తప్పిన తిరిగి అతుకదు. జనవరిలో వ్రాసినవానికి మార్చిలో బిడ్డకు జ్వరము వచ్చునని తెలియదు. జూనులో బదిలీ వచ్చునని తెలియదు. జ్వరము వచ్చిన రాత్రి నడకను గూర్చిన తీర్మానము మనకేమియు చెప్పజాలదు. 'నా పని నాదే' యను వాక్యమును ఎన్నుకొన్న తండ్రికి ఆ రాత్రి మెలకువగా నుండి తడిగుడ్డ వేయుటలో తన వంతు తానెత్తుకొనవలయునని ఎవరును చెప్పనక్కరలేదు. మరునాడు వేకువను కాఫీ తానే కలుపుకొనవలయునన్నదియు, రొట్టె కావలసిన తట్టుట నేర్చుకొనవలయుననియు, నేర్వలేనిచో అన్నమే కొంచెము తగ్గించి తినవలయుననియు ఆ వాక్యములోనే కలవు. ఒకనాడు తప్పినను మరునాటి అవకాశము మరల ఎదురుగా నుండును.

దీనికి గట్టి ఆక్షేపణము రాగలదు. తీర్మానమును తప్పిన తప్పినట్లు తెలియును. ధ్యేయవాక్యము మేఘమువంటిది గనుక దానిని తప్పితిమో లేదో ఎవరికి తెలియును? మహాత్మా గాంధి 1930లో యెరవాడ జైలునుండి ఆశ్రమవాసులకు వ్రాసిన లేఖలలో వ్రతముల ఆవశ్యకతను బోధించుచు, 'సాధ్యమైనంతవరకు' అని షరతు పెట్టుకొనువాడు తన బలహీనతనే వెల్లడించుకొనుచున్నాడని హెచ్చరించిరి. ఈ ఆక్షేపణమును మేము తేలికగా తీసికొనము. ఎట్టి వాక్యమైనను సరియే యనుకొనువారికి ఇది తగిన దండనయే. 'శాంతి', 'వికాసము', 'సంతోషము' అని ఒక్క మాటను ఎన్నుకొని, పూలబొమ్మ చేర్చి, సెల్‌ఫోను తెరమీద నిలుపుకొనుట ఇటీవలి వేడుక. ఆ మాటలను తప్పుట ఎవరికిని సాధ్యము కాదు. కాబట్టి వానిని పాటించుటయు సాధ్యము కాదు. పాఠశాల గోడలమీది సూక్తులను మేము ఇరువది యేండ్లకు పైగా చూచుచున్నాము. ఏటేట సున్నము వేసి మరల వ్రాయుదురు. వానిక్రిందనే పిల్లలు కొట్టుకొందురు. వానిక్రిందనే ఉపాధ్యాయులు కొట్టుదురు. గోడకు వేసిన మాట గోడకే మిగులును.

కాబట్టి ధ్యేయవాక్యమునకు మేము నాలుగు పరీక్షలు పెట్టుచున్నాము. మొదటిది, కోపము వచ్చిన క్షణమున గూడ గుర్తుకు వచ్చునంత చిన్నదిగా, ఇంటిలో మాటలాడు భాషలో నుండవలయును. రెండవది, మనకు మిక్కిలి ఇష్టమైన ఒక అలవాటును అది అడ్డగింపవలయును. ఏ అలవాటును అడ్డగింపని వాక్యము అలంకారము. మూడవది, దానిని నెరవేర్చుటకు మన కాలుసేతులు చాలవలయును. మరియొకరి కాలుసేతులు కావలసివచ్చిన ముందుగా వారి సమ్మతి పొందవలయును. నాలుగవది, దానిని ఇంటివారందరును వినునట్లు చెప్పవలయును. తప్పినప్పుడు చూపు హక్కు ఇంటిలోని మిక్కిలి చిన్నవానికి సైతము ఇయ్యవలయును. ఈ నాలుగింటికి నిలిచిన వాక్యము మేఘము కాదు. మహాత్ముడు కోరిన కట్టుబాటు దానిలో కలదు.

ఎవరి వాక్యము వారిదే. ఇచ్చుటకు మాకు అధికారము లేదు. ఉదాహరణముగ మాత్రము కొన్ని చెప్పుచున్నాము. ఇంటి పెద్దరికము వహించువారికి 'ముందు వినుట' తగియుండును. కోడలు మాట ముగింపకమునుపే తీర్పు చెప్పు అత్తమామలకును, ప్రశ్న పూర్తి కాకమునుపే కసరు ఉపాధ్యాయులకును ఇది కఠినమైన వ్రతమే. చదువుకొను పిల్లలకు 'తెలియనిది అడుగుదును' మంచిది; ఐనను దానిని వారే ఎన్నుకొనవలయును. తల్లిదండ్రులు ఎన్నియిచ్చిన వాక్యము మరియొక గోడసూక్తి యగును.

స్త్రీల విషయమున ఒక మాట గట్టిగా చెప్పదలచితిమి. మన గృహిణులను వాక్యము ఎన్నుకొనుడనిన, పెక్కుమంది 'సహనము' అనియో 'సర్దుకొనిపోవుట' అనియో చెప్పుదురు. అమ్మా, ఆ వాక్యమును మీరు ఎన్నుకొననక్కరలేదు. మీరు పుట్టినదినమే సంఘము దానిని మీ కొరకు ఎన్నియుంచినది. ఇదివరకు మోయుచున్న బరువునకు బంగారుపూత పూసికొనుటవలన అది తేలికపడదు. 'నా వంతు నాకు' అని ఎన్నుకొని చూడుడు. పెరుగులో వంతు, నిద్రలో వంతు, ఆదివారములో వంతు, పుస్తకము చదువుకొను గంటలో వంతు. దీనిని స్వార్థమందురేమో. కడపట తినుట త్యాగమైనచో ఆ పుణ్యము ఏండ్ల తరబడి ఒక్కరికే ఏల దక్కవలయును? ఇంటిలో తక్కినవారికిని వారమున కొకనాడు ఆ భాగ్యము కలుగనిండు.

ఈ సంవత్సరమున మీరు డైరీ కొనుడు, మానుడు; ఆ పని మీ ఇష్టము. రాత్రి అందరును భోజనమునకు కూర్చున్నప్పుడు మీ వాక్యమును నోరార చెప్పుడు. వడ్డించుచు నిలుచున్నవారున్న వారిని గూడ కూర్చుండబెట్టి చెప్పుడు. డిసెంబరు కడపటి దినమున దానిని గూర్చి మీరు తీర్పు చెప్పుకొనవలదు. విన్నవారిని అడుగుడు. ఇల్లంతటిలో మీకంటె ముందు లేచి, మీకంటె ఆలస్యముగా పరుండువారెవరో వారిని మొదట అడుగుడు.